హైదరాబాదులో క్లోరోఫారం పరీక్ష

వైద్యశాస్త్ర చరిత్రలో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల పేరు పందొమ్మిదవ శతాబ్ది చివర రెండు పర్యాయాలు దేశదేశాల వైద్యుల నోట వినవచ్చినది. రెండవ పర్యాయం సంగతి శ్రోతలలో చాలామంది ఎరిగినదే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచినారు. ఆ ముచ్చట పాఠ్యపుస్తకాలకు ఎక్కినది. అంతకు ఎనిమిదేండ్ల ముందు జరిగిన మొదటి సంగతి మాత్రం మరుగున పడినది. అది ఒక ద్రవాన్ని గురించిన విచారణ. క్లోరోఫారం పీల్చిన మనిషి ప్రాణం పోతే, మొదట ఆగేది ఊపిరియా, గుండెయా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం నిజాము ప్రభుత్వం ధనం వెచ్చించినది, లండను నుండి వైద్యుడు ఓడ ఎక్కి వచ్చినాడు, నాలుగు వందలకు పైబడిన మూగజీవాలు బలి అయినవి.

ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని శస్త్రవైద్యుని ప్రక్కన నిలిచి మత్తు ఇచ్చేవాడు రోగి రొమ్మును చూస్తూ ఉండాలా, మణికట్టు నాడిని పట్టుకొని ఉండాలా అన్నది ఆ జవాబు మీదనే ఆధారపడి ఉన్నది. చూడవలసిన చోటు వదలి వేరొక చోట చూస్తూ ఉంటే, కన్ను మూసి తెరిచేలోగా బల్లమీది మనిషి దక్కకుండా పోతాడు. ఆనాడు అట్లా పోయినవారు అనేకులు. వారిలో ప్రమాదకరమైన వ్యాధితో వచ్చినవారికంటె, పన్ను పీకించుకొనడానికో, వ్రేలికి చిన్న కోత పెట్టించుకొనడానికో వచ్చినవారే వైద్యులను ఎక్కువగా కలవరపెట్టినారు.

ముందుగా ఈ ద్రవమేమిటో తెలుసుకొందాం. క్లోరోఫారం చూపునకు నీటివలె తేటగా ఉంటుంది. నీటికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువు. వాసన తీపి, రుచి తీపి, నాలుకకు కొంచెం చురుకు. నీరు మరగడానికి 100 డిగ్రీల వేడి కావలసి ఉండగా ఇది 61 డిగ్రీలకే మరిగిపోతుంది. నిప్పు తగిలినా సులభంగా అంటుకోదు. నీటిలో బహు కొద్దిగా మాత్రమే కలుస్తుంది. నూనె, కొవ్వు, మైనం, రబ్బరు, గుగ్గిలం, చెట్ల బెరళ్ళలోను ఆకులలోను ఉండే ఔషధ సారాలు మొదలైనవాటిని మాత్రం ఇట్టే కరిగించి తనలో కలుపుకొంటుంది. అందుచేత రసాయనశాలలలో దీనిని ముఖ్యమైన ద్రావణిగా వాడుతూ వచ్చినారు. కొవ్వును కరిగించే ఈ గుణానికీ, మనిషిని మత్తులో ముంచే గుణానికీ సంబంధమున్నదని 1899లో హాన్స్ మేయర్, 1901లో ఓవర్టన్ చూపించినారు. ఏ పదార్థం కొవ్వులో ఎంత బాగా కరిగితే అది అంత బలమైన మత్తు కలిగిస్తుందని వారి లెక్క. మెదడులో జరిగే పనిని గురించి ఈనాటి శాస్త్రజ్ఞులు మరికొన్ని సంగతులు కనుగొన్నా, ఆ లెక్క మాత్రం చాలావరకు నిలిచే ఉన్నది.

1831 ప్రాంతంలో ఈ పదార్థాన్ని ముగ్గురు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, తయారు చేసినారు. అమెరికాలో సామ్యూల్ గత్రీ, ఫ్రాన్సులో సూబేరాన్, జర్మనీలో లీబిగ్. గత్రీ చేసిన పని మన ఊళ్ళ సారాబట్టీలను తలపిస్తుంది. ఆయన బ్లీచింగు సున్నాన్ని సారాయితో కలిపి బట్టీ పెట్టినారు. దిగివచ్చిన తీయని ద్రవాన్ని ఇరుగుపొరుగువారు తీపి విస్కీ అని పిలిచినారట. 1834లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు ద్యూమా దీని నిర్మాణం తేల్చి ఈ పేరు పెట్టినారు. కర్బనం ఒక పాలు, ఉదజని ఒక పాలు, క్లోరిను మూడు పాళ్ళు, ఇంతే దీని కూర్పు. ఆ పైన పదమూడేండ్లపాటు ఇది సీసాలలో ఊరకనే నిద్రించినది.

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరి పట్టించి, రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరిపించి చూపినారు. ఆ వార్త సముద్రాలు దాటినది. ఎడింబరోలో ప్రసూతి వైద్యుడైన జేమ్స్ యంగ్ సింప్సన్ ఈథరుకంటె అనుకూలమైన ఆవిరికోసం వెదకసాగినారు. క్లోరోఫారం ప్రయత్నించి చూడుమని ఆయనకు సలహా ఇచ్చినవారు డేవిడ్ వాల్డీ అనే రసాయనజ్ఞుడు. 1847 నవంబరు 4వ తేదీ రాత్రి సింప్సన్, ఆయన సహాయకులైన కీత్, డంకన్ భోజనాల బల్లవద్ద కూర్చుండి, గ్లాసులలో ఆ ద్రవాన్ని పోసుకొని ఆవిరి పీల్చినారు. కొంతసేపు కులాసాగా మాటలాడి ముగ్గురూ నేలమీద పడిపోయినారు. తెలివి వచ్చేసరికి సింప్సనుకు కావలసినది దొరికినదని తెలిసినది. ఇక వాల్డీ మాట. కీర్తి అంతా సింప్సనుకు పోయిన తరువాత, 1853లో ఆయన కలకత్తా చేరి, అక్కడ రసాయనాల కార్ఖానా నెలకొల్పి, 1889లో ఆ నగరంలోనే కాలధర్మం చెందినారు. హైదరాబాదులో పెద్ద పరీక్ష జరిగిన సంవత్సరమే అది.

సింప్సను ప్రకటన వెలువడిన మూడు మాసాలు నిండకుండానే మొదటి మరణం సంభవించినది. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర, హానా గ్రీనర్ అనే పదునైదేండ్ల పిల్లకు కాలిగోరు తీయవలసి వచ్చినది. ఆ పిల్ల భయపడి ఏడుస్తూ కుర్చీలో కూర్చున్నది. గుడ్డమీద కొద్దిపాటి క్లోరోఫారం పోసి ముక్కుకు పట్టినారు. గోరు తీసిన కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోయినది. అంతకు ముందు వేరొక గోరు తీసినప్పుడు ఈథరు ఇస్తే ఆమెకు ఏమీ కాలేదు. మత్తు లోతు కాకముందే, మందు మోతాదు మించకముందే చనిపోయినది. తెలివి తెప్పించడానికి నోట పోసిన నీరు, బ్రాందీ గొంతుకు అడ్డుపడి ఊపిరాడక పోయినదని సింప్సన్ వాదించినారు. శ్రోతలు ఈ భయపడిన పిల్లను కొంచెం గుర్తుంచుకొనవలెనని నా కోరిక. ఈ చరిత్రలోని చిక్కుముడి అంతా ఆమె భయంలోనే ఉన్నది. ఆ సంగతి తేలడానికి మాత్రం అరవై మూడేండ్లు పట్టినది.

ఆ నాటినుండి వైద్యలోకం రెండుగా చీలినది. లండనులో జాన్ స్నో పెద్ద దిక్కు. కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని 1854లో బ్రాడ్ వీధి పంపు ఉదంతంతో చూపినది ఈయనే. 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో క్లోరోఫారం ఇచ్చినదీ ఈయనే. రాణిగారే పీల్చిన తరువాత సామాన్యుల అభ్యంతరాలు చాలావరకు సద్దుమణిగినవి. గాలిలో క్లోరోఫారం పాలు ఎక్కువైతే అది నేరుగా గుండెను ఆపుతుందనీ, అందుచేత మందును కొలిచి, తగిన గాలితో కలిపి ఇవ్వవలెననీ స్నో బోధించినారు. ఎడింబరోలో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మార్గం వేరు. కొలత అక్కరలేదు, యంత్రం అక్కరలేదు, నాడి చూడనక్కరలేదు. ఒక గుడ్డ చాలు. ఊపిరి సాఫీగా ఆడుతున్నదో లేదో కనిపెట్టి ఉంటే చాలునని ఆయన చెప్పేవారు. ఈ మార్గం తేలిక, చవుక కావడంచేత దూరదేశాలకు పోయిన ఎడింబరో శిష్యులు దానినే వెంటబెట్టుకొని వెళ్ళినారు.

అట్టి శిష్యులలో ఒకరు ఎడ్వర్డ్ లారీ. 1885లో ఆయన హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చి, ఇక్కడి వైద్యపాఠశాల నిర్వహణ కూడా చేపట్టినారు. 1846లో నెలకొన్న ఆ పాఠశాల, మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజు ఆసుపత్రి, ఆ రోజులలో నగర వైద్యానికి ఆయువుపట్లు. ఇక్కడ ఈథరు వాడడం కష్టం. అది 35 డిగ్రీలకే మరుగుతుంది. దక్కను వేసవిలో సీసా మూత తీస్తే సగం గాలిలో కలుస్తుంది, దీపం దగ్గర ఉంటే భగ్గుమంటుంది. క్లోరోఫారానికి ఆ బాధ లేదు. లారీ, ఆయన శిష్యులు గుడ్డను గరాటావలె చుట్టి, దానిమీద మందు చిలకరించి, రోగి ఊపిరి మీదనే దృష్టి నిలిపి వేలమందికి మత్తు ఇచ్చినారు. తమ చేతులలో ఒక్కరూ పోలేదని లారీ ధీమా. పంతం పట్టే స్వభావం గల మనిషి. చేతిలో అనుభవం, మనసులో గురుభక్తి, రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు సందేహానికి చోటు ఎక్కడిది?

ఇంగ్లండులో మాత్రం సందేహం పెరుగుతున్నది. 1880లో గ్లాస్గో వైద్యుల సంఘమొకటి జంతువులమీద పరీక్షలు చేసి, క్లోరోఫారం రక్తపుపోటును పడగొట్టి గుండెకు హాని చేస్తుందని ప్రకటించినది. లారీ దీనిని సహించలేకపోయినారు. 1888లో హైదరాబాదులో మొదటి క్లోరోఫారం కమిషను ఏర్పడినది. డాక్టరు పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడు. వీధికుక్కలమీద పరీక్షలు జరిపినారు. ప్రతి కుక్కకూ ముందు ఊపిరి ఆగినది, ఆ తరువాతనే గుండె ఆగినది. సైమ్ మాట రుజువైనదని లారీ సంతోషించినారు. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకొనలేదు. మారుమూల సంస్థానంలో ఎవరో కుక్కలమీద చేసిన పని ఇన్ని దశాబ్దాల అనుభవాన్ని త్రోసివేస్తుందా అన్నట్లుగా మాటలాడినది.

అప్పుడు లారీ నిజామును ఆశ్రయించినారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి ఇరువదిమూడేండ్లు. అస్మాన్ జా ప్రధానమంత్రి. లాన్సెట్ తనకు నమ్మకమైన శాస్త్రజ్ఞుని పంపితే ఖర్చులకు వెయ్యి పౌనులు ఇస్తామని హైదరాబాదు ప్రభుత్వం కబురుచేసినది. విమర్శకునికి తానే దారిఖర్చులిచ్చి పిలిపించి, వచ్చి నీ కంటితో చూడుమని చెప్పిన ప్రభుత్వాలు చరిత్రలో ఎక్కువ కనబడవు. ఈ ఒక్క పనికి నిజామును మెచ్చుకొనక తప్పదు. లాన్సెట్ ఎంచి పంపినది లాడర్ బ్రంటన్‌ను. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైటు ఆవిరి ఉపశమనమిస్తుందని 1867లోనే చూపిన ఘనుడు ఆయన. గుండె విషయంలో ఆయనకంటె తగినవారు దొరకడం కష్టం.

1889 అక్టోబరు చివరినుండి డిసెంబరు వరకు రెండవ కమిషను పని సాగినది. బ్రంటన్, లారీ, బెంగాలు నుండి వచ్చిన బామ్‌ఫర్డ్, హైదరాబాదు వైద్యుడు రుస్తుంజీ హకీం సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, దొరికిన ప్రతి జాతిని పరీక్షకు తెచ్చినారు. రక్తపుపోటు హెచ్చుతగ్గులను తిరుగుతున్న కాగితంమీద గీతగా గీసే యంత్రం అమర్చినారు. ఆ గీతలన్నిటికీ ఫోటోలు తీసినారు. గుండె బలహీనపడిన జంతువు ఎట్లా ఉంటుందో చూడడానికి కొన్నిటికి ముందుగా భాస్వరం తినిపించినారు. ఊపిరి ఆపినారు, మోతాదు హెచ్చించినారు, రకరకాల మందులు కలిపి చూచినారు. ఈనాడు అట్టి పరీక్షకు ఏ సంఘమూ అనుమతి ఇవ్వదు. చదువుతూ ఉంటే మనసు బరువెక్కుతుంది. కాని శ్రద్ధలో లోపమున్నదని ఎవరూ అనలేరు.

ఫలితం మళ్ళీ అదే. ముందు ఊపిరి, ఆపైన గుండె. బ్రంటన్ తన పూర్వాభిప్రాయాన్ని వదలుకొని, క్లోరోఫారంలో ప్రమాదమంతా అతిమోతాదు వల్లనో ఊపిరి ఆడకపోవడం వల్లనో వచ్చేదే గాని గుండెమీద అది నేరుగా పనిచేయడం వల్ల కాదని లండనుకు తంతి పంపినారు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రచురించినది. హైదరాబాదు పేరు ఐరోపాలోను అమెరికాలోను వైద్యశాలలన్నిటా మారుమ్రోగినది. మత్తు ఇచ్చేవాడు నాడి చూడరాదనీ, చూస్తే దృష్టి చెదరి ఊపిరిని మరచిపోతాడనీ లారీ మరింత గట్టిగా బోధించసాగినారు.

ఆ బోధలో శిక్షణ పొందినవారిలో ఒకరిని ఇక్కడ చెప్పుకొనక తప్పదు. 1885లో వైద్యపాఠశాలలో చేరిన కొద్దిమంది స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో హకీము పట్టా పొందినారు. మత్తు ఇవ్వడమే ప్రత్యేక విద్యగా స్వీకరించి, ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరు పొందినారు. 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించినారు. మత్తుమందులను తెలుసుకొనగోరే వైద్యురాలికి ఆ శాస్త్రాలు కావలెనని గ్రహించడంలోనే ఆమె దూరదృష్టి తెలుస్తున్నది. లారీ పేరు వైద్యగ్రంథాలలో మిగిలినది. ఈమె పేరు మన ఊరిలోనే చాలాకాలం ఎవరికీ తెలియకుండా పోయినది.

ఇక విమర్శకుల మాట. హైదరాబాదు నివేదిక వెలువడిన ఏడాదిలోనే స్కాట్లండులోని అబర్డీనులో మెక్‌విలియం వేరు పద్ధతిలో పరీక్షలు చేసి, ఊపిరి ఇంకా ఆడుతుండగానే క్లోరోఫారం వల్ల గుండె ఉబ్బి బలహీనపడుతుందని చూపినారు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ మరింత నేర్పుగల ఏర్పాటు చేసినారు. ఒక జంతువు మెదడుకు వేరొక జంతువు నుండి రక్తం పారేటట్లు నాళాలు కలిపినారు. దానితో క్లోరోఫారాన్ని మెదడుకు మాత్రమే అందించడమో, మెదడుకు అందకుండా గుండెకు మాత్రమే అందించడమో సాధ్యమైనది. మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపుపోటు పడలేదు. గుండెకు చేరినప్పుడు పడిపోయినది. అంటే ఈ మందు గుండెను నేరుగానే దెబ్బతీస్తున్నది. లారీ ఒప్పుకొనలేదు. పత్రికలలో వాదప్రతివాదాలు ఏండ్ల తరబడి సాగినవి.

అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. మోతాదు మించి చనిపోయినవారి సంగతి సరే. హానా గ్రీనర్‌వలె, నాలుగు గుక్కలు పీల్చగానే, మత్తు పూర్తిగా ఎక్కకుండానే పోయినవారి మాటేమిటి? ఈ ముడిని విప్పినవారు లండను వైద్యుడు గుడ్‌మన్ లీవీ. 1911లో ఆయన పిల్లులకు క్లోరోఫారం కొద్దిగా మాత్రమే ఇచ్చి, ఆ తేలికపాటి మత్తులో అడ్రినలిను ఎక్కించినారు. భయం కలిగినప్పుడు మన దేహంలో తనంతట తానే ఊరే రసం అదే. వెంటనే గుండె క్రమంతప్పి, కొట్టుకొనడం మాని, పురుగులు పాకినట్లు వణికి ఆగిపోయినది. లోతైన మత్తులో ఉన్న పిల్లికి అదే రసం ఎక్కిస్తే ఈ ఉపద్రవం రాలేదు. ప్రమాదం ఎక్కువ మందులో మాత్రమే కాక తక్కువ మందులో కూడా ఉన్నదన్నమాట! భయంతో వణుకుతున్న రోగికి, చిన్న పనే కదా అని చాలీచాలని మత్తు ఇచ్చి కత్తి పెట్టడమే అన్నిటికంటె అపాయం.

ఈ వెలుగులో హైదరాబాదు పరీక్షలను మరల చూస్తే, లోపమెక్కడో అర్థమవుతుంది. కమిషనువారు జంతువులను చంపడానికి ప్రతిసారీ మోతాదు పెంచుకొంటూ పోయినారు. లోతుకు దించి దించి చంపితే ముందుగా ఊపిరి ఆగుతుంది, నిజమే. కాని రోగులు చనిపోతున్నది ఆ లోతులో మాత్రమే కాదు, గడపలోనే. గడపలో జరిగే మరణాన్ని వారు చూడలేదు, ఎందుకంటే అక్కడ ఆగి వెదకలేదు. వందల జంతువులు, కొలిచిన గీతలు, ఫోటోలు, అన్నీ ఒకే రకపు చావును మళ్ళీ మళ్ళీ చూపినవి. లారీ రోగులు ఎందుకు బ్రతికినారన్నదానికి కూడా ఇందులో కొంత సమాధానమున్నదని నాకు తోస్తుంది. ఆయన బృందం వెనుకాడకుండా, ఊపిరిని కనిపెడుతూ, నిండుగా మత్తు ఇచ్చేవారు. దానికి తోడు దక్కను గదుల తలుపులు కిటికీలు బార్లా తెరచి ఉండేవి, గాలికి లోటు లేదు. పద్ధతి మంచిది, దానికి చెప్పిన కారణం తప్పు. ఊపిరిని కనిపెట్టవలెనన్న హైదరాబాదు సూత్రం ఈనాటికీ మత్తువైద్యులు పాటించేదే. నాడి చూడరాదన్న రెండవ సగమే ప్రాణాలమీదికి తెచ్చినది.

మూసీ వరద 1908 సెప్టెంబరు 28న అఫ్జల్‌గంజు ఆసుపత్రిని తుడిచిపెట్టినది. ఆ తరువాతనే నేటి ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచినది. క్లోరోఫారం కూడా క్రమంగా వెనుకబడినది. కొందరు రోగులు, ముఖ్యంగా పిల్లలు, శస్త్రచికిత్స చక్కగా జరిగిన ఒకటి రెండు రోజులకు వాంతులు, కామెర్లు పట్టి చనిపోవడం 1894లో లియోనార్డ్ గత్రీ లోకం దృష్టికి తెచ్చినారు. కాలేయం మీద ఈ మందు చేసే హాని అది. గ్యాసుదీపాల గదులలో మరొక గండం ఎదురైనది. క్లోరోఫారం తాను మండదు గాని, దాని ఆవిరి మంటను తాకితే విచ్ఛిన్నమై ఫాస్జీను అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులమీద వదలినది ఆ వాయువునే. రాత్రివేళ శస్త్రచికిత్సలలో వైద్యులకు, దాదులకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరి బిగపట్టడానికి కారణం అదే. 1956లో హాలొథేను అనే క్రొత్త మందు వాడుకలోకి వచ్చిన తరువాత శస్త్రచికిత్సశాలలో దీని రోజులు చెల్లినవి. మన దేశంలో చిన్న ఆసుపత్రులలో మరి కొంతకాలం నిలిచినది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. చలనచిత్రాలలో దుండగుడు చేతిరుమాలు ముక్కుకు అదిమిపెట్టగానే కథానాయిక క్షణంలో ఒరిగిపోతుంది. ఇది వట్టి కల్పన. అట్టి కథలు 1850 ప్రాంతంలోనే లండను వార్తాపత్రికలలో వస్తూ ఉంటే జాన్ స్నో కొట్టివేసినారు. పెనుగులాడుతున్న మనిషికి ఈ మందుతో తెలివి తప్పించాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపు పట్టి ఉంచితే స్పృహకు బదులు ప్రాణమే పోవచ్చును.

మత్తుమందుగా మూలబడినా, ఇది మన ఇళ్ళకు రావడం మానలేదు. తీయని రుచి కారణంగా దగ్గుమందులలో, పళ్ళపొడి ముద్దలలో చాలాకాలం కలిపినారు. మందుల దుకాణాలలో నీటితో కలిపిన క్లోరోఫారాన్ని చేదుమందులకు రుచికోసం, చెడిపోకుండా ఉండడంకోసం వాడేవారు. 1976లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ ఎలుకలకు, చుంచులకు దీనిని పెద్ద మోతాదులలో తినిపించి, మూత్రపిండాలలోను కాలేయంలోను వ్రణాలు పుట్టినవని ప్రకటించినది. ఆ సంవత్సరమే అక్కడి ప్రభుత్వం మందులలో, అలంకరణ సామగ్రిలో దీనిని నిషేధించినది. మన దేశంలో కూడా నూటికి అరవంతు మించి క్లోరోఫారం గల మందుల తయారీ, అమ్మకం నిషిద్ధం. మనుషులలో కాన్సరు కలిగిస్తుందనడానికి గట్టి సాక్ష్యం లేదు గనుక, కలిగించే అవకాశం గల పదార్థాల జాబితాలో దీనిని ఉంచినారు.

ఇంతకంటె చిత్రమైన సంగతి 1974లో బయటపడినది. హాలెండులోని రాటర్‌డాంలో రూక్ అనే రసాయనజ్ఞుడు, త్రాగే నీటిని శుద్ధి చేయడానికి క్లోరిను కలిపినప్పుడు, నీటిలో కుళ్ళిన ఆకు అలముల అంశాలతో అది కలిసి క్లోరోఫారం ఏర్పడుతున్నదని కనుగొన్నారు. ఎవరూ కలపకుండానే అది కుళాయినీటిలో ఉన్నదన్నమాట! ప్రపంచ ఆరోగ్యసంస్థ లీటరుకు 0.3 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని హద్దు పెట్టినది. ఇది విని క్లోరిను మానివేయవలెనని ఎవరైనా అనుకొంటే అంతకంటె పొరపాటు లేదు. కలరా, సన్నిపాత జ్వరం నీటితో వచ్చే ఊళ్ళలో క్లోరిను మానితే కలిగే చావులముందు ఈ భయం ఏపాటిది? నీటిని ముందుగా బాగా తేర్చి, వడగట్టి, ఆపైన క్లోరిను కలిపితే ఈ క్లోరోఫారం చాలావరకు తగ్గుతుంది. కలరా రహస్యం విప్పిన జాన్ స్నోయే క్లోరోఫారానికి ఆదిగురువు కావడం, ఆ రెండూ మళ్ళీ ఒకే గ్లాసునీటిలో కలవడం వింత.

నేడు లోకంలో తయారయ్యే క్లోరోఫారంలో అధికభాగం శీతలయంత్రాలలో వాడిన ఒక వాయువుకు, గిన్నెలకు అడుగంటకుండా పూసే టెఫ్లాను పూతకు ముడిసరుకుగా పోతున్నది. మిగిలినది రసాయనశాలలకు వస్తుంది. జీవకణాలనుండి వంశలక్షణాలను మోసే పదార్థాన్ని వేరుచేయడంలో ఈ ద్రావణి ఇప్పటికీ పనికి వస్తున్నది. కళాశాలలో మన పిల్లలు దీనిని చేతపట్టేది అక్కడనే. వెలుతురు, గాలి తగిలితే సీసాలోనే ఫాస్జీను పుడుతుంది గనుక దీనిని గోధుమరంగు సీసాలో, నూటికి సుమారు ఒక వంతు ఆల్కహాలు కలిపి నిలువ చేస్తారు. పాతబడిన సీసాను వాసన చూచి పరీక్షించరాదు. గాలిని బయటికి లాగే యంత్రమున్న బీరువాలోనే మూత తీయవలెను. పని అయిన తరువాత తొట్టిలో పారబోయక, క్లోరిను గల వ్యర్థద్రవాలకు కేటాయించిన పాత్రలో పోయవలెను. ఆ పాత్రలో ఎసిటోను గాని, కాస్టిక్ సోడా వంటి క్షారం గాని కలవనీయరాదు. ఆ మూడూ కలిస్తే ఉన్నట్టుండి వేడెక్కి పాత్ర ప్రేలిపోగలదు.